ఒకే గదికి మూడు పేర్లు

2023 వానాకాలం. అప్పటికి మణుగూరు దగ్గర ఒక గనుల కాలనీ పోస్టాఫీసులో సబ్ పోస్టుమాస్టర్‌గా చేరి నాకు నాలుగేళ్లు. పేరు పెద్దదే గానీ, తాళం తీయడం దగ్గర్నుంచి స్పీడ్ పోస్టు బుక్ చేయడం దాకా సగం పనులు నావే. మిగతా సగం కౌంటర్ క్లర్క్‌వి. ఆయన సెలవు పెడితే అవీ నావే. కాలనీకి మూడు వైపులా అడవి, నాలుగో వైపు బొగ్గు లారీల రోడ్డు. గట్టిగా వాన పడితే నెట్ పోతుంది. నెట్ పోతే లైన్లో ఉన్నవాళ్ళంతా నావైపు చూస్తారు, తీగ నేనే తెంపినట్టు.

మా ఉద్యోగం గురించి బయటివాళ్ళకు పెద్దగా తెలియని సంగతి ఒకటుంది. కవరు లోపల ఏముందో మేం చూడకూడదు, చూడం. పైన ఏముందో మాత్రం మా అంత శ్రద్ధగా ఎవరూ చదవరు. అలా చదివింది ఇంకొకరికి చెప్పకూడదు. ఎవరు ఎవరికి ఏం పంపారన్నది మా నోటి నుంచి రాకూడదని చేరిన మొదటి వారంలోనే నూరిపోస్తారు. ఇరవై రెండేళ్ల నా పోస్టాఫీసు సర్వీసులో ఆ రూలు నాకు బరువనిపించింది ఒక్కసారే.

ఒక శనివారం పొద్దున పదిన్నరకు సుగుణ టీచరమ్మ వచ్చింది. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై ఇంటికే పరిమితమయ్యాడు. ఆమె చేతిలో మందపాటి కవరుంది.

"ఇది జర జల్దీ పోవాలె బిడ్డా. మంగళవారానికల్లా చేరాలన్నరు."

అడ్రసు చూశాను. హైదరాబాదులో ఒక కాంప్లెక్సు, మూడో అంతస్తు, రూం నంబరు పన్నెండు. పేరు శామ్యూల్. కింద ఫోన్ నంబరు, చివర మూడు సున్నాలు. టైపు చేస్తున్న నా చెయ్యి ఆగింది. ముందు రోజు సాయంత్రం నేను బుక్ చేసిన కవరు మీద ఇదే కాంప్లెక్సు, ఇదే రూం, ఇవే మూడు సున్నాలు. పంపింది ఖాజా అన్న, గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన కవరు మీద పేరు సలీం. బుకింగ్ లిస్టు వెనక్కి తిప్పితే రెండు నెలల కింద ఇంకొకటి తగిలింది. పంపింది మా కాలనీ రాములు అన్న, కవరు మీద పేరు శ్రీనివాస్, గది అదే.

ఒక గదిలో ముగ్గురు పనిచేయొచ్చు. ముగ్గురికీ కలిపి ఒకే ఫోన్ కూడా ఉండొచ్చు. కానీ చర్చికి పోయే ఆమెకు శామ్యూల్, నమాజు చేసే ఆయనకు సలీం, గుడికి పోయే ఆయనకు శ్రీనివాస్ తగిలేంత పద్ధతైన ఆఫీసు నేనెక్కడా చూడలేదు.

"టీచరమ్మా, లోపల ఏమున్నయో నేను అడగొద్దు. విలువైనయి ఉంటే ఇన్సూర్ చెయ్యొచ్చు. అందుకని అడుగుతున్న," అన్నాను. అది నిజంగా మేం అడగదగ్గ ప్రశ్నే.

ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. అందులో ఉన్నది టైమ్‌షేర్ సర్టిఫికెట్. టైమ్‌షేర్ అంటే రిసార్టు మొత్తం కొనడం కాదు, ఏడాదికి ఒక వారం చొప్పున పాతికేళ్లు అక్కడ దిగే హక్కు కొనడం. పదిహేనేళ్ల కింద ఎవరో వచ్చి కాలనీలో కొన్ని జంటలను ఖమ్మం హోటల్‌కు భోజనానికి పిలిచి, తలా ఒక కుక్కర్ చేతిలో పెట్టి, ఇది అమ్మి పోయారు. కుక్కర్లు ఇప్పటికీ బాగానే కూస్తున్నాయి. టైమ్‌షేరే గుదిబండైంది. పోయినా పోకపోయినా ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టాలి. టీచరమ్మ వాళ్ళు ఊటీకి ఒక్కసారి వెళ్ళొచ్చారు. తర్వాత ఆయనకు మెట్లెక్కడమే కష్టమైంది.

మూడు నెలల కింద ఈ శామ్యూల్ ఫోన్ చేశాడట. మీ టైమ్‌షేర్ కొనడానికి పార్టీ ఉంది, మంచి ధర ఇస్తారు, కాగితాలు పంపితే చాలు అన్నాడట. ఒరిజినల్ సర్టిఫికెట్, మెంబర్‌షిప్ పుస్తకం, సంతకం పెట్టిన ట్రాన్స్‌ఫర్ ఫారం, ఆధార్ నకలు, సెక్యూరిటీ కోసమని సంతకం చేసిన మూడు ఖాళీ చెక్కులు.

"ఖాళీ చెక్కులా టీచరమ్మా?"

"నేను గూడ అడిగిన. ఫోన్ల ఓటీపీలు అడిగేటోళ్ళు దొంగలు అమ్మగారూ, వాళ్ళతోని జాగ్రత్త, మేము అంతా కాగితం మీదనే చేస్తం అన్నడు. మీ పోస్టాఫీసులనే ఇయ్యండి, రసీదు ఉంటది అన్నడు. మంచోడు బిడ్డా. రోజు సాయంత్రం ఫోన్ చేసి మా సార్ ఆరోగ్యం కోసం ప్రార్థన చేస్తడు."

రసీదు ఉంటుంది అన్న మాట దగ్గర నాకు కోపమొచ్చింది. ఆ ముగ్గురూ జీవితమంతా రసీదును నమ్మినవాళ్ళు. వాడు ఆ నమ్మకాన్నే, నా కౌంటర్‌నే వాడుకుంటున్నాడు.

టీచరమ్మ కవరు ఇంకా నా చేతిలోనే ఉంది, దాన్ని ఆపొచ్చు. ఖాజా అన్న కవరు అప్పటికే మెయిల్ వ్యానులో ఖమ్మం దాటిపోయి ఉంటుంది. దానికీ దారుంది. రీకాల్ అంటాం. అవతలివాళ్ళ చేతికి అందేలోపు, పంపినవాళ్ళు రాసిస్తే కవరును ఎక్కడున్నా ఆపి వెనక్కి తెప్పించవచ్చు. అయితే పంపినవాళ్ళే అడగాలి. నా అనుమానం సరిపోదు. ఆయన అడగాలంటే ఆయనకు తెలియాలి. తెలియాలంటే టీచరమ్మ కవరు సంగతి నేను చెప్పాలి. అది చెప్పకూడదు.

ఖాజా అన్న మక్కాకు ఉమ్రా యాత్ర పోవడానికి భార్యతో కలిసి ఏళ్లుగా కూడబెడుతున్నాడని కాలనీ అంతా ఎరిగిందే. పెన్షన్ లైన్లో నిలబడి నాకే ఎన్నోసార్లు చెప్పాడు. ఆ కవర్లో కూడా సంతకం పెట్టిన చెక్కులుంటే, ఆ డబ్బున్న ఖాతా తాళంచెవి దొంగకు రసీదుతో సహా పంపినట్టే.

ఆయనకు ఫోన్ చేశాను. "ఖాజా అన్నా, నిన్నటి రసీదు తీసుకొని ఒకసారి రాగలవా? అడ్రసు సంగతి మాట్లాడాలె." టీచరమ్మను నెట్ నెమ్మదిగా ఉందని కూర్చోబెట్టాను. అది అబద్ధం కాదు, మా దగ్గర నెట్ ఎప్పుడూ నెమ్మదే.

పావుగంటలో ఆయన తడిసిన రెయిన్‌కోటుతో వచ్చాడు. ఉన్నది ఒకటే బెంచీ. టీచరమ్మ కవరును ఒడిలో బోర్లా పెట్టుకుంది. ఆయన రసీదును జేబులోకి తోసేశాడు. వానల గురించి, సార్ దగ్గు గురించి కాసేపు మాట్లాడుకున్నారు. ఇద్దరూ పక్క పక్క క్వార్టర్లలో పద్దెనిమిదేళ్లు ఉన్నవాళ్ళు.

నేను కౌంటర్ దిగి వాళ్ళ ముందుకు వచ్చాను. "ఒకరి సంగతి ఒకరికి చెప్పే హక్కు నాకు లేదు. మీది మీరు చెప్పుకుంటే నేను వద్దనలేను. మీరిద్దరూ ఖమ్మంల కుక్కర్ తెచ్చుకున్నోళ్ళే గదా?"

ఇద్దరూ నావైపు, తర్వాత ఒకరివైపు ఒకరు చూసుకున్నారు. ముందు టీచరమ్మే నోరు విప్పింది.

"నీగ్గూడ ఫోన్ వచ్చిందా ఖాజా?"

"అవ్ టీచరమ్మా. ఎవ్వలకు చెప్పొద్దన్నడు. కాలనీల తెలిస్తే అందరు అమ్ముతమంటరు, రేటు పడిపోతది అన్నడు."

"నాకు గట్లనే చెప్పిండు. నీకెవరు చేసిండ్రు?"

"సలీం భాయ్. చానా నెమ్మదస్తుడు. సలాం చెప్పనిది మాట మొదలువెట్టడు."

"నాకు శామ్యూల్ బ్రదర్."

ఖాజా అన్న ముఖం కొంచెం తేటపడింది. ఇద్దరూ వేరే వేరే మనుషులు కదా అనుకున్నట్టున్నాడు. టీచరమ్మ మాత్రం లెక్కల టీచర్. "నంబరు తియ్యి," అంది. ఆయన ఫోన్ తీశాడు. ఆమె కవరు తిప్పి ఒక్కో అంకె చదువుతుంటే, ఆయన తెర మీద వేలు జరుపుతూ వచ్చాడు. ఏడో అంకె దగ్గర ఆమె ఆగింది. మిగిలిన మూడు సున్నాలూ ఆయనే అన్నాడు.

టీచరమ్మ కవరులోంచి మెంబర్‌షిప్ పుస్తకం తీయించి, దాని వెనక అచ్చులో ఉన్న కంపెనీ నంబరుకు ఫోన్ చేయించాను. వాడిచ్చిన నంబరుకు కాదు. మెంబర్‌షిప్ పేరు మార్పు తమ ఆఫీసు ద్వారానే జరుగుతుందని, ఒరిజినల్స్ గానీ చెక్కులు గానీ బయటివాళ్ళకు పంపాలని తామెప్పుడూ అడగబోమని, ఆ గదితో తమకు సంబంధం లేదని అటువైపు అమ్మాయి చెప్పింది.

ఖాజా అన్న బెంచీ మీద నుంచి లేచాడు. "మేడమ్, నా కవర్ ఏడున్నది?"

ఆ మాట కోసమే నేను కాచుకొని ఉన్నాను. రీకాల్ దరఖాస్తు రాయించి, ఆధార్ చూసి, రసీదు నకలు జతచేసి, సంతకం పెట్టించాను. ఆ రోజు రెండో శనివారం, బ్యాంకు మూత. చెక్కులు ఆపించుకుందామని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ఖాతాలో నమోదై ఉన్నది ఆయన పాత ఫోన్ నంబరని వాళ్ళు ఒప్పుకోలేదు. సార్టింగ్ ఆఫీసుకు మెసేజ్ పంపి, హైదరాబాదులో ఆ కవరు చేరాల్సిన డెలివరీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

ఆదివారమంతా నాకు స్థిమితం లేదు. ఉద్యోగంలో ఏదీ ఇంటికి మోసుకుపోకూడదంటారు. నేనూ జూనియర్లకు అదే చెబుతాను. సోమవారం ఆఫీసు తెరవకముందే మళ్ళీ ఫోన్ చేస్తే, కవర్లు పోస్ట్‌మ్యాన్ల బీట్ల వారీగా విడదీస్తున్నామని అక్కడి పోస్టుమాస్టర్ చెప్పాడు. లైన్లోనే ఉండమని వెళ్ళి, ఖాజా అన్న కవరు చేత్తో పట్టుకొని వచ్చాడు.

"ఆ రూంకు బోర్డేం లేదు మేడమ్. ఒక మనిషి పొద్దున్నే మెట్ల మీద నిలబడి మా పోస్ట్‌మ్యాన్ దగ్గర తీసుకుంటడు," అన్నాడు.

ఖాజా అన్న ఆ పొద్దున్నే బ్యాంకుకు పోయి చెక్కులు ఆపించుకున్నాడు. గురువారం కవరు తిరిగొచ్చింది. నా కౌంటర్ ముందే విప్పి, మూడు చెక్కులూ చింపి, ముక్కలు నా చెత్తబుట్టలో వేయకుండా జేబులో వేసుకొని పోయాడు. నా బుట్టను కూడా నమ్మలేదన్నమాట. తప్పులేదు.

టీచరమ్మ మాత్రం సంతోషించలేదు. "ఐదింటికి ఫోన్ మోగుతది బిడ్డా. నేను ఎత్తుతలేను. ఎవరు చేసిండని సార్ అడుగుతడు. ఆయనకు చెప్పలేదు. ప్రార్థన అయినంక ఆయన మంచిగ నిద్రపోయేటోడు." ఆ దొంగ మీద నాకు అన్నిటికంటే ఎక్కువ అసహ్యం కలిగింది అప్పుడే.

ఇక మిగిలింది రాములు అన్న. ఆయన పేరు నేను చెప్పలేదు. కుక్కర్ తెచ్చుకున్నవాళ్ళు ఇంకెవరెవరని లెక్కేసుకొని వాళ్ళిద్దరే ఆయన ఇంటికి పోయారు. ఆయన కవరు రెండు నెలల కిందే చేరింది. చెక్కులూ డబ్బుగా మారిపోయాయి. మోసపోయానని పదిహేను రోజుల్లోనే తెలిసింది. భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున ఖాజా అన్నతో కలిసి వాకింగ్‌కు పోతూ కూడా చెప్పలేదు. వీళ్ళు బలవంతం చేస్తే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు గానీ, అప్పటికి దొంగ ఖాతాలో ఏమీ మిగల్లేదు.

ఆయన కవరు బుక్ చేసిన రోజు నాకు గుర్తుంది. వానకు కాగితాలు తడుస్తాయని నేనే లోపల ప్లాస్టిక్ సంచి పెట్టించాను. దొంగకు పొడిగా అందేలా చూశాను.

ఈ కేసు నుంచి నేర్చుకున్నది నేరుగా చెబుతాను. కాగితాలు, చెక్కులు అడిగే రీసేల్ వ్యవహారం ఏదైనా సరే, ముందు అసలు కంపెనీ నంబరుకు ఫోన్ చేయాలి. ఇది అందరూ చెప్పేదే. నాకు తెలిసొచ్చిన రెండో సంగతి, ఆ దొంగకు పెద్ద తెలివేం లేదని. ముగ్గురు ఇరుగుపొరుగులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఉంటే చాలు, వాడి పని అయిపోతుంది. వాళ్ళిద్దరూ ఆశతో చెప్పుకోలేదు, రాములు అన్న సిగ్గుతో చెప్పలేదు, నేను రూలు పేరుతో చెప్పలేదు. రూలు తప్పని ఇప్పటికీ అనను. కానీ అప్పట్నుంచి మందపాటి కవరు తెచ్చిన పెద్దవాళ్ళను, ఇంట్లో ఎవరికైనా చెప్పారా అని ఒక్క మాట అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు.

నెల తర్వాత రాములు అన్న ఒక తెల్లకాగితం తెచ్చాడు. పెద్ద అక్షరాలతో తనే రాశాడు. టైమ్‌షేర్ కొంటామని ఫోన్ వస్తే కాగితాలు పంపే ముందు నాతో మాట్లాడండి, నేను మోసపోయిన, అని. కింద పేరు, క్వార్టర్ నంబరు. మా నోటీసు బోర్డు మీద ఆఫీసు కాగితాలు తప్ప ఇంకేవీ ఉండకూడదు. అయినా జిగురు సీసా తీశాను.

"అన్నా, ఆ మోసపోయిన అన్న మాట కొట్టేద్దామా? ఊరంతా చదువుతరు," అన్నాను.

"అది తీసేస్తే నాతోని ఎందుకు మాట్లాడతరు మేడమ్?" అన్నాడు.