ఒక చుక్క, ఒక రోజు

ఆ వీధిలో అతన్ని అందరూ సంచుల డాక్టరు అంటారు. వీధిలోంచి నాలుగు మెట్లెక్కితే వచ్చే చిన్న గది అతని కొట్టు. ముందు బల్ల, బల్ల వెనక తెర, తెర వెనక భార్య కుట్టుమిషను. జిప్పు పళ్ళు ఊడినా, పట్టీ తెగినా, లోపలి గుడ్డ చిరిగినా జనం అక్కడికే తెస్తారు. ఆ విద్య అతనిది కాదు, మామగారిది. కూతుర్నిచ్చి, పని నేర్పి, చివరికి కొట్టు తాళాలు కూడా చేతిలో పెట్టి ఆయన వెళ్ళిపోయాడు.

మామగారికి ఒక మొండిపట్టు ఉండేది. ఖరీదైన తోలు సంచులకు నీళ్ళు పట్టకుండా పైపూత వేయించుకోవడం ఆయన కాలంలోనే మొదలైంది. ఆయన ఒక పట్టాన ఒప్పుకునేవాడు కాదు. "వానొస్తే తోలుకి గొడుగు పట్టండి, రెయిన్‌కోటు తొడక్కండి. దానికీ ఊపిరాడాలి కదా!" అనేవాడు. మరీ బలవంతం చేస్తే పట్టీ మడత కింద, ఎవరికీ కనిపించని చోట ఒక్క చుక్క వేసి ఒక రోజంతా ఆగేవాడు. మచ్చ తేలిందా, సంచి ఉన్నదున్నట్టు తిరిగి ఇచ్చేసేవాడు. ఆయన పోయాక అల్లుడు పూత పని మొదలుపెట్టాడు. అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు మరి. కానీ ఆ చుక్క నియమం మాత్రం వదల్లేదు. వదలకపోవడమే కాదు, బోర్డు రాయించి బల్ల మీద నిలబెట్టాడు: "ఒక చుక్క, ఒక రోజు. ఆ తర్వాతే పూత."

అలాంటివాడు ఒక్కసారి ఆ బోర్డుని చూసి నవ్వాడు.

వానలు రేపో మాపో అనగా లెక్కల టీచరు వచ్చింది. ఆ నెలలోనే ఆవిడ రిటైరైంది. చేతిలో మెత్తటి గుడ్డలో చుట్టిన సంచి. చెల్లెలు కొనిచ్చిందట. ఆ చెల్లెల్ని చదివించి మనిషిని చేసింది ఈవిడేనని వీధిలో తెలియనివాళ్ళు లేరు. సంచి ఒళ్ళు ముదురు రంగు, పిడులూ అంచులూ మాత్రం తేనె రంగు. రంగు వేయని తోలు అది. నీటిచుక్క పడినా తాగేస్తుంది.

"తడిస్తే పాడవుతుందని భయంగా ఉందండీ. పూత వేయించమంటారా, వద్దంటారా?" అని ఆవిడ అడిగింది.

"వేయిస్తేనే మంచిది టీచరుగారూ. వాన చుక్క పడితే అలా జారిపోవాలంతే!"

"సాయంత్రం చెల్లెలు వస్తోంది. ఇది పట్టుకుని ఇద్దరం బయటికి వెళ్దామని..." అంటూ ఆవిడ బోర్డు చూసింది. "అయ్యో, ఒక రోజు ఆగాలా? సరే, రేపే ఇవ్వండి. తొందరేముంది?"

ఆవిడే అంది, తొందరేముందని. సరే అంటే సరిపోయేది. కానీ లెక్కల టీచరంతటావిడ తన ముందు నిలబడి సలహా అడుగుతుంటే అతనికి ఎక్కడలేని పెద్దరికం వచ్చింది.

"ఆ బోర్డు కొత్త చేతులకి టీచరుగారూ! ముప్పయ్యేళ్ళ చెయ్యి ఇది. సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళండి."

తెర వెనక మిషను టక్కున ఆగింది. ఆవిడ మెట్లు దిగాక భార్య తల బయట పెట్టింది.

"ఏవండీ, ఆ పిడి చూశారా? నాన్నైతే ముట్టుకునేవాడు కాదు."

"మీ నాన్నైతే గొడుగు పట్టుకుని ఆవిడ వెనకాల నడిచేవాడు. నువ్వు కుట్టు చూసుకో."

పూత పడగానే పిడి నల్లబడింది. అది మామూలే, ఆరితే రంగు తేలికపడుతుందనుకున్నాడు. మధ్యాహ్నానికి ఆరింది. కొన్నిచోట్ల రంగు తేలికపడింది, కొన్నిచోట్ల టీ ఒలికినట్టు మచ్చలు మిగిలాయి. కంగారుగా ఇంకేదో ద్రవంతో తుడిస్తే మచ్చకో అంచు వచ్చింది. ఫ్యాను కింద పెట్టాడు. ఎండలో పెట్టి, అంతలోనే భయపడి తీశాడు. అన్నం తినడానికి లేవలేదు.

సాయంత్రం దాకా ఒక మాట లోపల్లోపలే వల్లెవేసుకున్నాడు: 'టీచరుగారూ, తప్పు నాదే. పరీక్ష చెయ్యలేదు.' ఆవిడ కాలు మొదటి మెట్టు మీద పడేవరకూ ఆ మాట నోట్లోనే ఉంది. ఆవిడ సంచి చేతిలోకి తీసుకుని, మచ్చల మీద వేలు పెట్టి, తల ఎత్తేసరికి నోరు ఇంకోటి పలికింది.

"ఏమీ అనుకోకండి టీచరుగారూ. అసలు తోలైతే ఇలా అవ్వదు."

"అంటే?"

"అచ్చు అసలుదానిలాగే చేసేస్తున్నారీమధ్య. మాలాంటివాళ్ళకి కూడా పూత పడేదాకా తెలీదు."

ఆవిడ మచ్చల మీంచి వేలు తీసేసింది. సంచిని గుడ్డలో చుట్టి, "ఈ మాట మా చెల్లెలితో అనకండి. చిన్నబుచ్చుకుంటుంది," అంది. పర్సు తియ్యబోతే అతను వద్దన్నాడు. "ఊరికే ఇంత శ్రమపడ్డారు. థాంక్సండీ," అని వెళ్ళిపోయింది. తిట్టినా అతనికి అంత తగిలేది కాదు.

తెర వెనక మిషను ఆగి, మళ్ళీ మొదలైంది. మర్నాడు కొట్టు తెరిచేసరికి బోర్డు మొహం గోడవైపు తిరిగి ఉంది.

"ఎందుకు తిప్పావ్?"

"దుమ్ము పడుతోందని," అంది మిషను ఆపకుండా.

వానలు మొదలయ్యాయి. టీచరు రోజూ కూరలకు ఆ దారినే వెళ్ళేది, భుజాన పాత గుడ్డసంచి వేలాడుతూ. దూరంగా ఆవిడ గొడుగు కనబడగానే అతను బల్ల కిందికి వంగి, కింద పడని సూది వెతికేవాడు. ఆవిడ దాటిపోయాక తెర వెనక నుంచి గొంతు వచ్చేది: "దొరికిందా సూది?"

ఎవరైనా బేరానికొచ్చి "మీరు చెప్తే నమ్మకం అండీ" అంటే ఇదివరకు మీసం మీదికి చెయ్యి పోయేది. ఇప్పుడు ఆ మాట వినగానే చెవులు కాలిపోయేవి.

నెల గడిచింది. ఒక ఉదయం ఒకామె విసురుగా మెట్లెక్కి, తడి గొడుగు మూలన పెట్టి, ఆ సంచినే తెచ్చి బల్ల మీద పెట్టింది. టీచరు చెల్లెలు.

'అయిపోయాను,' అనుకున్నాడు.

"బాబాయ్‌గారూ, మీరే నాకు సాయం చెయ్యాలి," అంది ఆమె. "అక్క ఒక్క మాట చెప్పలేదండీ. సంచేదక్కా అంటే బీరువాలో ఉందంటుంది. మొన్న గట్టిగా నిలదీస్తే, మీరు నకిలీ అన్నారని అప్పుడు బయటపడింది. 'అసలుది కొనలేకపోతే పోనీ, అసలుదని చెప్పకుండా ఉండాల్సింది' అంది. నలభయ్యేళ్ళలో మా అక్క నన్ను అబద్ధాలకోరు అనడం ఇదే మొదలు. ఆ రోజు నుంచీ మాటల్లేవు."

అతను బల్ల మీది కత్తెర తీసి పక్కన పెట్టాడు.

"నాకీ సంచి అమ్మిన పెద్ద కొట్టువాళ్ళు నన్ను మోసం చేశారు. వెళ్ళి వాళ్ళ దుమ్ము దులిపేస్తాను. ఇది నకిలీ అని మీరు రాసి సంతకం పెట్టండి చాలు. మీ మాటంటే వీధంతటికీ గురి కదా!"

కాగితం, కలం ముందు పెట్టింది. తెర వెనక మిషను ఆగింది. ఈసారి మళ్ళీ కదల్లేదు.

'ఇది' అని రాశాడు. కలం అక్కడే నిలబడిపోయింది. తలెత్తి చూస్తే ఆమె కళ్ళలో కోపం లేదు. దిక్కుతోచనివాళ్ళు డాక్టరు వంక చూసే చూపు అది. అబద్ధం ఆడినంత సులువు కాదు, దాన్ని చేత్తో రాయడం. అతను చాలాసేపటికి రాశాడు: 'ఇది అసలైన సంచి. పరీక్ష చెయ్యకుండా పూత వేసి పాడుచేసింది నేను. ఆ తప్పు కప్పిపుచ్చుకోడానికి నకిలీ అన్నదీ నేనే.' సంతకం పెట్టాడు.

ఆమె రెండుసార్లు చదివింది.

"అయితే నన్నెవరూ మోసం చెయ్యలేదన్నమాట," అంది. కాగితం బల్ల మీద పెట్టేసింది. "నెల్రోజులండీ! రోజూ పొద్దున్నే ఏ మొహం పెట్టుకుని తలుపు తీస్తున్నారు మీరు?"

అతను కాగితం మడిచి ఆమె వైపు జరిపాడు.

"ఈ కాగితం నేను తీసుకెళ్ళను. మీరే వెళ్ళి అక్క చేతికివ్వండి," అని ఆమె గొడుగందుకుని వెళ్ళిపోయింది.

అతను సంచి తీసుకుని లేచాడు. భార్య తెర తొలగించుకుని వచ్చి షట్టరు దించింది.

"నువ్వెందుకు?"

"ఆ రోజు విన్నది నేను కాదా? నోరు మూసుకున్నది నేను కాదా? పదండి."

టీచరు గుమ్మంలోనే కాగితం అందుకుంది. చదువుతూ చదువుతూ ఆవిడ చెయ్యి అలవాటుగా కలం కోసం తడుముకుంది. చదివాక కళ్ళజోడు తీసింది.

"లెక్క తప్పినవాణ్ణి నేనెప్పుడూ ఏమీ అనలేదు. చెరిపేసి మళ్ళీ చెయ్యమనేదాన్ని. తన తప్పు పక్కవాడి పలక మీద రుద్దినవాణ్ణి మాత్రం బయట నిలబెట్టేదాన్ని."

పొమ్మని ఎవరూ అనలేదు. అయినా అతను రెండడుగులు వెనక్కి వేసి వాకిట్లో, చినుకుల్లో నిలబడ్డాడు. భార్య గొడుగు విప్పలేదు. లోపల టీచరు చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది. "ఒసేయ్, నేనేనే... ముందు నా మాట విను... అనవే, ఎన్నంటావో అను. అనాల్సిందే నన్ను... భోజనానికి వస్తున్నావా లేదా?"

ఫోను పెట్టేసి వచ్చి వాళ్ళని చూసి ఆశ్చర్యపోయింది. "అయ్యో, ఇంకా అక్కడే ఉన్నారా?"

"టీచరుగారూ, పిడికంతా నూనె పట్టించి ఒకే రంగుకి తెస్తాను. మచ్చలు కలిసిపోతాయి. ముందు చుక్క వేసి, రోజంతా ఆగి..."

"వద్దండీ. అలాగే ఉండనివ్వండి."

సంచి మాత్రం అందుకుంది.

మర్నాడు బోర్డుని అతనే ఇటు తిప్పాడు. ఇప్పుడు ఎవరు తొందరపడినా "రేపు రండి" అంటాడు. తేనె రంగు తోలైతే రేపు కూడా రావద్దంటాడు, గొడుగు కొనుక్కోమంటాడు. టీచరు ఆ సంచి భుజాన వేసుకునే కూరలకు వెళ్తోంది. వానొస్తే గొడుగు తనకన్నా దానిమీదికే ఎక్కువ వంచుతుంది. ఆవిడ కనబడగానే అతను లేచి నిలబడతాడు. సూది వెతకడు. మచ్చలు అతని కళ్ళ ముందు నుంచి అటు వెళ్తాయి, కాసేపటికి ఇటు వస్తాయి.

ఒకరోజు భార్య కూరలు తెచ్చి బల్ల మీద పెడుతూ చెప్పింది. "అక్కడెవరో అడిగారండీ, అంత మంచి సంచిని ఇలా చేసిందెవరండీ అని. 'తెలిసిన చెయ్యే లెండి' అంది టీచరుగారు. అంతకుమించి చెప్పలేదు."

పేరు చెప్పేసి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. నాలుగు రోజులు నవ్వుకుని జనం మరిచిపోయేవాళ్ళు. ఎదురుగా ఉన్న సంచి చేతిలోకి తీసుకుని, పట్టీ మడత విప్పి, ఎవరికీ కనిపించని చోట ఒక్క చుక్క వేశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.