వంతెన అవతల చెల్లని లైసెన్సు

ఆర్డిత్ కెసింజర్ ఇరవై ఏడేళ్లు ఇళ్లకు విలువ కట్టి బతికింది. ఎవరైనా ఇంటి మీద అప్పు కావాలంటే బ్యాంకు ముందు ఆమెను పంపేది. టేపు పట్టుకుని గదులు కొలిచేది, నేలమాళిగలోకి దిగి చెమ్మ వాసన చూసేది, అటకెక్కి దూలాలు తట్టేది. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో ఆమె అడుగుపెట్టని ఇల్లు తక్కువ. "ఆర్డిత్ చెప్పిందంటే చెప్పిందే" అనేవాళ్లు. మెచ్చుకుంటూ కొందరు, పళ్లు కొరుకుతూ కొందరు.

గాజు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్లో ఇళ్లు కొనేవాళ్లు లేకుండా పోయారు. కొనేవాళ్లే లేనప్పుడు విలువ కట్టేవాళ్లతో పనేముంది? నెలకు ఇరవై ఇళ్లు చూసిన మనిషికి రెండు దొరకడం గగనమైంది. ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసిన భర్త లోవెల్ కూడా ఇంటిపట్టునే ఉండిపోయాడు. నది అవతల మాత్రం పెద్ద పెద్ద గోదాములు వచ్చాయి, వాటి వెనకే కొత్త ఇళ్లు లేచాయి. వంతెన దాటితే ఆరు నిమిషాల దారి. కానీ ఆ వంతెన మీదే రాష్ట్రం మారిపోతుంది. ఇళ్లకు విలువ కట్టడానికి ఈవలి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు అవతల పనికిరాదు.

దారి లేకపోలేదు. ఒక రాష్ట్రంలో లైసెన్సు ఉండి, దాని మీద మచ్చ లేకపోతే, పక్క రాష్ట్రం మళ్లీ చదువులూ పరీక్షలూ అడక్కుండా తన లైసెన్సు తానిస్తుంది. ఆమెకు తెలిసినవాళ్లు ముగ్గురు అలాగే తెచ్చుకున్నారు. ఆర్డిత్ కూడా దరఖాస్తు నింపడానికి కూర్చుంది. పదకొండో ప్రశ్న దగ్గర ఆమె కలం ఆగింది. మీ మీద ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా?

తీసుకున్నారు. ఆరేళ్ల కిందట, రెండు వీధుల అవతల ఉండే రాయిస్ పెన్నెల్ అనే వడ్రంగి, భార్య జునీటా వైద్యానికని ఇంటి మీద కొత్త అప్పు అడిగాడు. ఆ ఇంటి పునాదిలో చెయ్యి దూరేంత పగులుంది. ఆర్డిత్ ఉన్నది ఉన్నట్టు రాసింది. అప్పు రాలేదు. రాయిస్ మండిపడి ఆమె మీద లైసెన్సు బోర్డుకు ఫిర్యాదు పెట్టాడు. కట్టిన విలువ తప్పని బోర్డు అనలేదు. కానీ ఫైలు తిరగేస్తే వెనక వసారా కొలతలో రెండడుగుల తేడా బయటపడింది. మందలింపు కాగితం మీద సంతకం పెడితే ఇంతటితో పోతుందన్నారు. లాయరును పెట్టుకోమని లోవెల్ మొత్తుకున్నా వినకుండా ఆమె సంతకం పెట్టేసింది.

"లేదని రాసెయ్యి" అన్నాడు లోవెల్ ఇప్పుడు. "వసారా కొలత కోసం పాత కాగితాలు ఎవడు తవ్వుతాడు?"

"అబద్ధం రాస్తే ఉన్న లైసెన్సూ ఊడుతుంది."

"ఉన్నదాంతో ఏం పొడిచేస్తున్నామని?"

ఆమె కలం అందుకుంది. తీసుకున్నారనే రాసింది.

నెల తిరిగాక అవతలి రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చింది. విచారణకు రావాలి, తన తరఫున ఎవరి మాటైనా ఉంటే రాయించి తెచ్చుకోవచ్చు. ఎవరి మాట కావాలో ఆమెకు తెలుసు. మర్నాడు పొద్దున్నే రాయిస్‌ను వెతుక్కుంటూ వెళ్లింది. అతని ఇల్లు ఎప్పుడో బ్యాంకు పాలైంది. ఊరి చివర ట్రైలరులో, చక్రాల మీది రేకుల ఇంట్లో, ఒక్కడే ఉంటున్నాడు. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి.

"కూర్చో. కొలవడానికి ఇక్కడేం లేదులే" అన్నాడు.

వచ్చిన పని చెప్పింది. అతను గింజల్లో గరిటె తిప్పాడు.

"జునీటా ఆ చలికాలమే పోయింది. తెలుసుగా?"

"తెలుసు. ఆమెను సాగనంపిన రోజు చర్చి దాకా వచ్చాను. లోపలికి రాలేకపోయా."

"చూశాన్లే. బయట కారు పక్కన నిలబడ్డావు." రాయిస్ పొయ్యి తగ్గించాడు. "పగులు సంగతి నాకు తెలీదనుకున్నావా? నువ్వొచ్చే ముందురోజు సిమెంటు మెత్తింది నేనే. అది ఆరకుండానే నువ్వు వచ్చి వేలు పెట్టావు. నాకప్పుడు ఎవరో ఒకళ్ల మీద పడాలనిపించింది, ఆర్డిత్. దేవుడు అందడు గదా. నువ్వందావు."

పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలు చేసి, తన ఫిర్యాదు అన్యాయమైనదని రాసిచ్చాడు. ఆ కాగితం చేతికొచ్చాక గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు. ఆ సిమెంటును చూసీ చూడనట్టు వదిలేసి ఉంటే జునీటాకు వైద్యం అందేదేమో అన్న ఆలోచన దారంతా తొలిచింది. అలా వదిలేసే మనిషి కానందుకు మొదటిసారి తన మీద తనకే ఏవగింపు కలిగింది.

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ రాయిస్ రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివి పక్కన పెట్టింది.

"ఆయన మంచివాడేనమ్మా. కానీ మా ముందున్నది ఆయన కోపం కాదు, మీ రాష్ట్రం ఇచ్చిన ఉత్తర్వు. అది కొట్టేయించుకుని రండి, చూద్దాం."

ఈవలి బోర్డుకు ఫోను చేస్తే అక్కడి గుమాస్తా ఓపిగ్గానే మాట్లాడాడు. "మీరు ఒప్పుకుని సంతకం పెట్టారండీ. ఒప్పుకున్నదాని మీద అప్పీలుండదు."

"కొలత తప్పని ఒప్పుకున్నాను, బాబూ. బతుకంతా తప్పని ఒప్పుకోలేదు."

"మీరు చెప్పేది నాకర్థమవుతోందండీ" అన్నాడతను. అంతకుమించి అతను చేయగలిగిందేమీ లేదు.

ఆ ఏడాది చివర లైసెన్సు గడువు తీరింది. ఆమె పొడిగించుకోలేదు. టేపూ, నిచ్చెనా లోవెల్ ఎవరికో ఇచ్చేశాడు. వసంతం వచ్చేసరికి ఆర్డిత్ వంతెన అవతలి గోదాములో పెట్టెలు కట్టే పనిలో చేరింది. దానికి ఏ రాష్ట్రం లైసెన్సూ అక్కర్లేదు. అరవై రెండేళ్ల మోకాళ్లకు పది గంటల నిలువుకాళ్ల కొలువు. మొదటి వారం ఇంటికి రాగానే ఏడ్చేది. రెండో వారం నుంచి అదీ మానేసింది.

ఒక మధ్యాహ్నం తిండి బల్ల దగ్గర, పక్క వరసలో పనిచేసే కొరీన్ ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అక్కా, నువ్వు అప్పట్లో ఇళ్లు చూసి విలువ చెప్పేదానివట కదా? మేం ఇక్కడే ఒకటి చూసుకున్నాం. అమ్మేవాడు అడిగిన ధర ఎక్కువో తక్కువో తెలీట్లేదు. ఒక్కసారి వచ్చి చూస్తావా?"

ఆర్డిత్ రొట్టెముక్కను మళ్లీ కాగితంలో చుట్టింది.

"ఈ ఒడ్డున నేను చెప్పకూడదమ్మా."

"ఊరికే, మాటవరసకే. ఎవరికి తెలుస్తుంది?"

"అది కాదు" అంది ఆర్డిత్. కొరీన్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. "ఇప్పుడు నాకూ తెలీదు. కొన్నాళ్లుగా ఏ ఇంటిని చూసినా ఎంతుంటుందో తోచట్లేదు."

గంట కొట్టారు. ఆమె బల్ల పట్టుకుని లేచి, తన వరసలోకి వెళ్లి నిలబడింది.