గొట్టం చెప్పిన చాడీ

అందరూ అతన్ని పానా అనేవారు. ముప్పయ్యేళ్ళుగా చేతిలో నట్లు బిగించే పానా లేకుండా ఎవరూ చూడలేదు గనక అసలు పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తు లేదు. గొట్టాల పని. మనుషుల్ని పెద్దగా లెక్కచేసే రకం కాదు. వీధి తలుపుకు ఎంత వార్నిష్ పూసినా, ఇల్లు ఎలాంటిదో బేసిన్ కింద తల పెట్టినవాడికే తెలుస్తుందని అతని నమ్మకం. పెద్దమనుషుల జుట్టూ, జిడ్డూ, దాచుకున్న చెత్తా ఇన్నేళ్ళు చేతులతో తీసినవాడికి వాళ్ళ మీద గౌరవం మిగలడం కష్టం.

మూడంతస్తుల మేడలో పై వాటా ఇంజనీరుగారిది. వంతెనలు కట్టించే శాఖలో ఉద్యోగం. ఆయనకు తెలియనిదంటూ లోకంలో లేదు. ఏదైనా ఉంటే అది లోకం తప్పు. ఆయన భార్య పొద్దున లేస్తూనే నడుము చుట్టూ టేపు పెట్టి కొలుచుకుని, అది చెప్పిన అంకెను బట్టి ఆ రోజు నవ్వాలా వద్దా అన్నది తేల్చుకునే మనిషి. ఒక్కతే కూతురు, పదిహేడేళ్ళది. చదువులో అందరికన్నా ముందు, మాటల్లో అందరికన్నా వెనక.

ఆ పిల్ల గదిని ఆనుకున్న బాత్రూములో బేసిన్ పూడుకుపోయిందని మొదటిసారి కబురొచ్చింది. పానా కింది వంపు గొట్టం విప్పగానే బకెట్లోకి అన్నం మెతుకులు, కూర ముక్కలు జారిపడ్డాయి. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం పాపా, తినలేకపోతే పళ్ళెంలోనే వదిలెయ్యొచ్చుగా? మొహం కడుక్కునే చోట అన్నం పారబోస్తారా? కడుపు నిండినోళ్ళకి ఇదో ఆట!"

ఆ పిల్ల చొక్కా చేతుల్ని వేళ్ళ దాకా లాక్కుంది. "ఇంకెప్పుడూ పొయ్యను" అంది. గొంతు జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది. పానా నట్టు బిగించి, ఇంకో రెండు మాటలు గొణిగి వెళ్ళిపోయాడు.

అయిదు వారాలకు మళ్ళీ అదే బేసిన్, అదే పూడిక. ఈసారి విప్పగానే ముక్కు పట్టేసింది. పారబోసిన అన్నం కుళ్ళితే వచ్చే కంపు వేరు, అది అతనికి తెలుసు. ఇది పుల్లగా, గొంతు గీరేలా ఉంది. నిరుడు తానే వేసిన ఇత్తడి నట్టు చిలుము పట్టి, వేలితో గీకితే పొట్టులా రాలింది. ఇత్తడే ఇలా అయితే, అనుకుంటూ తలెత్తి చూశాడు. ఆ పిల్ల టార్చి పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపుల మీద కాయలు: ఎండినవి కొన్ని, పచ్చివి కొన్ని, పళ్ళు గుచ్చుకున్నట్టు.

అమ్మగారు గుమ్మంలోంచి చెబుతోంది. "తిన్నాక గంటసేపు కొళాయి వదిలి కడుక్కుంటూనే ఉంటుంది. శుభ్రం ఎక్కువలే మా పిల్లకి. ఆ బుగ్గలు చూడు, డైటింగ్ చేస్తూ కూడా ఎలా నిండాయో! నాకూ ఉందిగా ఒక మొహం, పీక్కుపోయి."

బుగ్గలు నిండటం కాదు అది. దవడల కింద రెండు పక్కలా గవదబిళ్ళలొచ్చినట్టు ఉబ్బు. కన్నతల్లికి అది అందంలా కనిపించింది. పానా కొత్త నట్టు వేశాడు.

అతని భార్య ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆయా. సాయంత్రం ఆమె కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు విషయం చెప్పాడు.

"ఇంజనీరుగారి పిల్ల తిన్నదంతా కక్కుతోందే. ఏం పొగరో!"

"పొగరు నీ నెత్తి మీదుంది. వేళ్ళ మీద కాయలున్నాయా?"

"ఉన్నాయి. నీకెవరు చెప్పారు?"

"బుగ్గలు ఉబ్బాయా? గొంతు బొంగురా? తిన్న వెంటనే లేచి పోయి కొళాయి తిప్పుతుందా?"

పానా నోరు తెరిచాడు.

"మూసుకో, ఈగలు పోతాయి. అది రోగమయ్యా. మా వార్డుకి ఏటా ముగ్గురో నలుగురో వస్తారు, మగపిల్లలు కూడా. కక్కీ కక్కీ ఒంట్లో లవణాలు పోతాయి, గుండె లయ తప్పుతుంది. పోయినేడు ఒక పిల్ల మెట్లెక్కుతూ పడిపోయింది, లేవలేదు. పుల్లలా కూడా లేదు, మన అమ్మాయిలా బొద్దుగానే ఉండేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు."

"మరి నేను తిట్టానే!"

"బాగా చేశావు. తనని తాను తిట్టుకునేది చాలదని నువ్వొకడివి దొరికావు. పో, పోయి వాళ్ళకి చెప్పు."

"గొట్టాలోడు చెబితే వింటారా?"

"వినకపోతే నీ పరువు పోతుందా? ఆ పిల్ల పోతుంది."

రెండు రోజులు పానా ఎలా చెప్పాలా అని మథనపడ్డాడు. బేసిన్ మాటిమాటికీ ఎందుకు పూడుతోందో తేల్చాలని మూడో రోజు ఇంజనీరుగారే కబురు పంపారు. వెళ్ళేసరికి ఆయన బాత్రూము నేల మీద మోకాళ్ళు వేసి, వాలు కొలిచే రసమట్టాన్ని పలకల మీద పెట్టి, అందులోని బుడగను ఒక కన్ను మూసి చూస్తున్నారు.

"వాలు తప్పయ్యా. లోపల గొట్టం కుంగింది. నేలంతా తవ్వించెయ్. మొత్తం కొత్తది వెయ్యాలి."

"వాలు బానే ఉందండీ. నేనే వేశాను."

"నువ్వు వేశావు కాబట్టే అంటున్నా."

పానాకు జాలీ భయమూ పక్కకు పోయి చీదర ఒక్కటే మిగిలింది. ఈ మహానుభావుడు వంతెన ఎక్కడ బీటలు వారిందో మైలు దూరం నుంచి చెబుతాడు. ఎదురుగా కూర్చుని తినే పిల్ల మొహం చూడలేడు. చూడటం కన్నా నేల పగలగొట్టడం తేలిక.

"నేను తవ్వనండీ. పూడేది వాలు తప్పి కాదు. పాప తిన్నది నిలుపుకోవట్లేదు. ఇది జబ్బేనంట, గుండెకి ముప్పంట. మా ఆడది ఆసుపత్రిలో..."

"నోర్ముయ్!" ఇంజనీరుగారు లేచారు. "గొట్టాలు చూడమంటే ఇంట్లో ఆడపిల్ల గురించి మాట్లాడతావా?"

"మా అమ్మాయికి నిగ్రహం ఉంది" అంది అమ్మగారు. "స్వీట్లు ముట్టదు. మీలాంటివాళ్ళకి అది రోగంలా కనిపిస్తుంది."

"ఇంకొకణ్ణి పిలిపిస్తా. రేపే తవ్విస్తా" అన్నారు ఇంజనీరుగారు. పానా సంచి సర్దుకోసాగాడు. వచ్చేవాడు తవ్వుతాడు. కొత్త గొట్టం, కొత్త పలకలు వస్తాయి. ఈ పిల్ల ఏదో ఒక రోజు మెట్ల మీద పడిపోతుంది.

"తవ్వకండి నాన్నా."

ఆ పిల్ల మంచం అంచున కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"గొట్టం మంచిదే. నేనే. రోజుకి మూడుసార్లు. ఆపుదామనుకుంటా. నిన్న గుండె ఆగి ఆగి కొట్టుకుంది. భయమేస్తోంది."

ఇంజనీరుగారి చేతిలో రసమట్టం అలాగే ఉంది. జీవితంలో మొదటిసారి ఆయనకు అభిప్రాయం లేకపోయింది. అమ్మగారు మాత్రం, "ఇలాంటివాళ్ళ ముందా చెప్పేది?" అంది.

"పద తల్లీ, ఆసుపత్రికి" అన్నాడు పానా. ఆ మాట అనాల్సినవాళ్ళిద్దరూ ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

రక్తపరీక్షలో పొటాషియం అడుగంటింది. డాక్టరమ్మ ఎనిమిది రోజులు వార్డులో ఉంచింది. గుండెకు తీగలు, చేతికి సెలైను. తర్వాత మనసు డాక్టరు దగ్గర వారం వారం మాటలు. అవి నెలల తరబడి సాగుతాయని ముందే చెప్పేసింది. తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరి ఒంటి గురించీ, బరువు గురించీ మాట రాకూడదనీ, వేళకు అందరూ కలిసి తినాలనీ, తిన్నాక గంటసేపు పిల్లతో ఎవరో ఒకరు ఉండాలనీ చెప్పింది. "కాపలా కాదు, తోడు" అందట. ఆయా ఇంటికొచ్చి చెబుతూ, "ఆవిడ టేపు ఏం చేసిందో మరి" అని మూతి తిప్పింది.

నెల దాటాక ఇంజనీరుగారు మళ్ళీ పిలిపించారు. భోజనాలప్పుడే అయ్యాయి. పిల్ల బల్ల దగ్గరే ఉంది. పళ్ళెంలో కొంచెం మిగిలింది. వేళ్ళు ముడిచి పెట్టుకుంది.

"బాత్రూము గడియ ఊడదియ్యి" అన్నారాయన రహస్యంగా. "మొన్న మళ్ళీ చేసింది. గడియ లేకపోతే సమస్య తీరిపోతుంది."

"డాక్టరమ్మ చెప్పారా?"

"ఆవిడ ఏవో కబుర్లు చెప్పమంటుంది. గంట! దేని గురించి చెప్పను?"

పానా ఆయన్ని తలనుంచి కాళ్ళ దాకా చూశాడు. "గడియ తియ్యడం నాకు చిటికెలో పనండీ. పాప పక్కన కూర్చోవడం మాత్రం నాకు పురమాయించడానికి వీల్లేదు. ముందు డాక్టరమ్మని అడగండి. తియ్యమంటే నేనే వచ్చి తీస్తా."

ఇంజనీరుగారి మొహం ఎర్రబడింది. అయినా వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పిల్ల గోడ గడియారం చూసింది, బాత్రూము తలుపు చూసింది. సగం లేచింది.

"నాన్నా, ఏదైనా మాట్లాడండి. త్వరగా. మార్కులు వద్దు."

వందల సభల్లో గొంతు చించుకున్న ఆయన మీసం సవరించుకున్నారు. చివరికి, "నాకు... పదేళ్ళొచ్చేదాకా చీకటంటే భయం. మీ బామ్మ కొంగు పట్టుకుని పడుకునేవాణ్ణి" అన్నారు.

పిల్ల ఆయన వైపు తిరిగింది. "నిజంగా?" అంది. మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

పానా సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఒక తండ్రి కూతురితో ఒక్క మాట మాట్లాడటానికి ఇంత తతంగం కావలసి వచ్చిందే అని దారంతా తిట్టుకుంటూనే నడిచాడు.