ఇది అంటే ఏది సార్?

ఆవిరక్క అసలు పేరు ఆస్పత్రి లాండ్రీలో ఎవరికీ గుర్తులేదు. పద్నాలుగేళ్ళుగా ఇస్త్రీ ప్రెస్ ముందు నిలబడి దుప్పట్లు తీస్తున్న మనిషికి ఆ పేరే ఖాయమైపోయింది. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ కోపం మాత్రం ఏటికేడూ పదునెక్కింది.

ఈసారి కోపానికి గట్టి కారణమే ఉంది. గోడ అవతల ప్రెస్‌లకి ఆవిరి పంపే బాయిలర్‌ని చూసే తాత వచ్చే నెలలో మానేస్తున్నాడు. ఆయన కునుకు తీసినప్పుడల్లా ఆ బాయిలర్‌ని కాచుకున్నది ఆవిరక్కే. ఆ పనీ, దాంతోపాటు అక్కడుండే కుర్చీ తనకే రావాలని ఆమె పట్టు. అందుకు లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. ఆ మాట చెబితే సూపర్‌వైజర్ నవ్వాడు.

"నీకెందుకమ్మా అదంతా?"

ఆ నవ్వుకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

బాయిలర్ పాఠాలు టీవీలో వస్తాయి, పొద్దున పదకొండింటికి. అంటే సరిగ్గా ఆమె ప్రెస్ ముందు ఉడికిపోతుండే వేళకి. మరిది వాటిని ఇంట్లో పెన్‌డ్రైవ్‌లోకి రికార్డు చేసిపెట్టాడు. ఇంటికెళ్ళాక చూద్దామంటే కూర్చున్నచోటే కళ్ళు మూతపడతాయి. లాండ్రీలో చూద్దామంటే, ఎవరో సినిమా చూస్తూ దుప్పటి మాడ్చారని సూపర్‌వైజర్ పనివేళ ఫోన్ చూడకూడదని రూలు పెట్టాడు. ఇయర్‌ఫోన్ల మీద మాత్రం రూలు లేదు.

"చూడొద్దంటే వింటా. చెవులకి తాళం వేస్తాడా?" అనుకుని, భోజనాల వేళ ఫోన్‌కి పెన్‌డ్రైవ్ తగిలించి, టీవీ ఫైళ్ళని ఆడియోగా మార్చే వెబ్‌సైటు ఒకటి తెరిచింది.

ఆ వెబ్‌సైటు చేసినవాడు ఎదురుపడుంటే చీపురు తిరగేసేది. ముప్పావుగంట ఎక్కించుకుని, తొంభై తొమ్మిది శాతం దగ్గర ‘ఫైలు చాలా పెద్దది’ అన్నాడు. ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! పాఠాన్ని రెండు ముక్కలు చేసి మళ్ళీ ఎక్కించింది. పచ్చగా, పెద్దగా ఉన్న ‘డౌన్‌లోడ్’ నొక్కితే ఏదో జూదం ఆట దిగింది. అసలు బటన్ ఓ మూల దొంగలా నక్కి ఉంది. వారం రోజులు భోజనం చల్లారిపోయింది గానీ పదమూడు పాఠాలూ ఆడియో అయ్యాయి.

అప్పుడు మొదలైంది అసలు మంట. టీవీ మాస్టారు మొదట భాగాల పేర్లూ పనులూ గడగడా అప్పజెప్పేసి, ఆపైన అంతా బెత్తంతో చూపిస్తున్నాడు కాబోలు.

"ఇది ఇలా వచ్చి ఇందులోకి వెళ్తుంది. ఇది తెరిస్తే ఇది పడిపోతుంది. అర్థమైంది కదా?"

"ఏది పడిపోతుంది నాయనా? నీ తలకాయా?" ఆమె అరుపుకి పక్క ప్రెస్ దగ్గరున్నావిడ ఉలిక్కిపడింది.

పాఠం చెవిలో మోగుతుండగానే బాయిలర్ గదిలోకి వెళ్ళింది. "తాతా, దీన్నేమంటారు?"

"దాన్నా? దాన్ని అదే అంటాం. ముప్పయ్యేళ్ళుగా అదే."

ఆవిరక్క తల బాదుకుంది. చిరిగిన దుప్పటి పీలికలు తెచ్చింది. దుప్పట్ల మీద గుర్తులు వేసే పెన్నుతో వాటిమీద పేర్లు రాసింది. మాస్టారి మాట వింటూ, గొట్టం ఎటు పోతోందో చూసుకుంటూ, ఒక్కోదానికి ఒక్కో పీలిక కట్టింది. తప్పు కట్టినచోట తిట్టుకుంటూ విప్పి మళ్ళీ కట్టింది.

పరీక్షరోజు అధికారి కుర్చీలో వెనక్కి వాలి, దూరంగా గోడమీదున్న బాయిలర్ బొమ్మ వైపు పెన్ను ఊపాడు. "ఇది తెరిస్తే ఏమవుతుంది?"

పదమూడు పాఠాల కోపం ఒక్కసారిగా పొంగింది.

"ఇది అంటే ఏది సార్?"

"అదేనమ్మా, ఆ కింద ఉన్నది."

"కింద రెండున్నాయి. ఫీడ్ వాల్వ్ తెరిస్తే నీళ్ళు లోపలికొస్తాయి. బ్లోడౌన్ వాల్వ్ తెరిచి వదిలేస్తే ఉన్న నీళ్ళు బయటికి పోతాయి. ఖాళీ బాయిలర్ కింద మంట ఉందంటే మీరూ, నేనూ, ఈ గోడా ఎవరమూ మిగలం. మీరడిగేది ఏది?"

పెన్ను గాల్లోనే ఆగింది. ఆయన లేచి, బొమ్మ దాకా నడిచి, కళ్ళద్దాలు సర్దుకుని వేలుపెట్టి చూపించాడు. అక్కడినుంచి ప్రతి ప్రశ్నా పేరుపెట్టే అడిగాడు. ఆమె ఒక్కటీ తప్పలేదు.

లాండ్రీ గుమ్మంలో సూపర్‌వైజర్ ఎదురయ్యాడు, అదే నవ్వుతో. "ఏమ్మా, అదంతా ఏమైంది?"

"దానికో పేరుంది సార్. బాయిలర్ లైసెన్సు. వచ్చింది."

ఆగకుండా బాయిలర్ గదిలోకి నడిచి, కునుకు తీస్తున్న తాతని కుర్చీలోంచి లేపి, పద్నాలుగేళ్ళలో మొదటిసారి డ్యూటీ వేళ కూర్చుంది.