లోర్నా వేసిన ఓటు

ఎలుగు వంశంలో లోర్నా నోటికి భయపడనివాళ్లు తక్కువ. ఆమె వండే మొక్కజొన్న సూపుకి లొంగనివాళ్లు అసలే లేరు. తెల్ల మొక్కజొన్న గింజల్ని కొయ్యబూడిద కలిపిన నీళ్లలో ఉడికించి, బుట్టలో పోసి, తొక్కు పూర్తిగా వదిలేదాకా ఏడు నీళ్లు కడిగేది. ఆరు నీళ్లకే చాలు అనేవాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లు మండేది. శనివారం పొద్దున్నే జనం గిన్నెలు పట్టుకుని ఆమె పెరటి గుమ్మం ముందు నిలబడేవారు. సూపు పోస్తూనే, ఫలానావాడు కౌన్సిల్ ఆఫీసు మెట్లెక్కాడనీ, ఫలానా ఆవిడ కొడుకు ఎన్నికల్లో నిలబడతాడటనీ అందరి బతుకులూ ఉతికి ఆరేసేది.

పొడుగిల్లంటే మా తెగవాళ్లు పాత ఆచారం ప్రకారం సభలూ విందులూ జరుపుకునే పొడవాటి చెక్క ఇల్లు. దాన్ని నమ్ముకున్న మా పొడుగింటివాళ్లు కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వెయ్యరు. కౌన్సిల్ అన్నది రాజధాని ఒట్టావాలో ప్రభుత్వంవాళ్లెవరో చట్టం రాసి మా నెత్తిన పెట్టింది. మాకు నాయకుణ్ణి నిలబెట్టేదీ, తప్పు చేస్తే దించేదీ వంశమాతలే. ఓటు చీటీ ముట్టుకుంటే ఆ చట్టానికి తలవంచినట్టూ, పొడుగింటికి వీపు చూపినట్టూ లెక్క. అందుకే ఓటింగు రోజున మాలో కొందరు రొట్టె కొనడానికి కూడా ఓట్లు వేసే బడివైపు వీధిలోకి పోరు. చూసినవాళ్లు ఏమనుకుంటారోనని భయం.

అలాంటి లోర్నా తొమ్మిదేళ్ల కిందట ఓటు వేసింది.

ఆ ఏడాది ఆమె భర్త ఎల్మర్ న్యూయార్క్‌లో ఇనుప దూలం మీదనుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లు ఎత్తైన మేడలకి ఇనుప దూలాలు బిగిస్తూ వాటి మీద నడిచిన మనిషి వంటింటి కుర్చీకి అతుక్కుపోయాడు. సరిగ్గా అప్పుడే కౌన్సిల్, హైవే పక్కన జూదశాల కట్టాలా వద్దా అని ఓటు పెట్టింది. కడితే అక్కడి వంటశాల లోర్నాకే అప్పగిస్తామని ఒకాయన ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్లాడు. వారం వారం జీతం, చలికాలంలోనూ ఆగని పని. ఆమె మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు ఎల్మర్ పనికోటు తొడుక్కుని, టోపీ ముక్కుదాకా లాక్కుని బడి వ్యాయామశాలకి పోయి వరసలో నిలబడింది. అటూ ఇటూ చూడలేదు. చేతిలోంచి చేతితొడుగు జారి కింద పడితే వెనకనుంచి ఎవరో తీసి అందించారు. లోర్నా తల తిప్పకుండానే అందుకుంది.

జూదశాల ఓడిపోయింది. తప్పు చేసినా ఫలం దక్కలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే.

తర్వాతి వారం పొడుగింట్లో సభ జరిగింది. మనవాళ్లెవరైనా ఓటుకి వెళ్లారా అని ఒక పెద్దాయన అడిగాడు. గొంతులో కోపం కూడా లేదు, జవాబు వస్తుందనీ అనుకోలేదు. అయినా తలుపు దగ్గర బల్లమీంచి కొరీన్ లేచింది. ఇరవైమూడేళ్ల పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, లోర్నా పెద్దమ్మ మనవరాలు. వెళ్లానని చెప్పింది. పిల్లల తండ్రి ఏమీ పంపడం లేదనీ, జూదశాలలో పని దొరుకుతుందని ఆశపడ్డాననీ, అది తప్పయితే పెద్దలే చెప్పాలనీ అంది.

పెద్దలు నోరు తెరవకముందే లోర్నా లేచింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే లేచింది.

"పొట్టకూటికి పొడుగిల్లు అమ్ముకున్నావు. నీ తల్లి బతికుంటే నీ మొహం చూసేదా? నీ పిల్లలకి ఇక్కడ పేర్లు పెట్టమని ఏ మొహంతో అడుగుతావే?"

కొరీన్ ఆమెవైపు చాలాసేపు చూసింది. సభ తర్వాతి విందుకి తెచ్చుకున్న గిన్నెల బుట్ట చేతికి తగిలించుకుని, పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లుగా మళ్లీ రాలేదు. హైవే పక్కన చెక్కగదిలో సిగరెట్లు అమ్ముకుంటోంది. పిల్లలిద్దరికీ వంశమాత సభలో పెట్టే పొడుగింటి పేర్లు ఇప్పటికీ లేవు.

లోర్నా మాత్రం ఆనాటినుంచి ఇంకా గట్టిగా మాట్లాడసాగింది. నోరు ఆగితే లోపలి మాట వినబడుతుందని ఆమె భయం.

ఈ వసంతంలో లోర్నా అక్క ఆగ్నెస్‌కి గుండె బలహీనపడింది. ఎలుగు వంశమాత ఆవిడే. తన తర్వాత వంశమాత హోదాకి గుర్తయిన గవ్వపూసల పేట ఎవరి చేతికివ్వాలని వంశంలోని ఆడవాళ్లని అడిగితే, అందరూ ఒకే పేరు చెప్పారు. పొడుగింటిని లోర్నా అంత గట్టిగా పట్టుకున్నవాళ్లు ఇంకెవరున్నారన్నారు. ఎల్మర్‌ అయితే నవ్వాడు. ఇన్నాళ్లూ నీది ఉత్త నోరే, ఇక హోదా ఉన్న నోరన్నమాట అన్నాడు. లోర్నా నవ్వలేకపోయింది. ఆ రాత్రినుంచి ఆమెకి తిండి సహించలేదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరికి చెప్పాలో మాత్రం చెప్పరు. లోర్నా అంత దూరం పోకుండా అడ్డదారి ఒకటి వెతుక్కుంది. కొరీన్‌ని వెనక్కి పిలిస్తే చాలు, చెప్పక్కర్లేదనుకుంది. వేడి సూపు జాడీలో పోసుకుని హైవే దగ్గరికి పోయింది.

కొరీన్ సిగరెట్టు పెట్టెలు అల్మరాలో సర్దుతోంది. లోర్నా జాడీ బల్లమీద పెట్టి, త్వరలో పేట తన చేతికి రాబోతోందనీ, పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యమనీ, పాత సంగతి ఎవరూ ఎత్తకుండా తను చూసుకుంటాననీ చెప్పింది.

"అంటే నన్ను క్షమిస్తావా పిన్నీ?" అంది కొరీన్, చేతిలో పని ఆపకుండా.

"క్షమించడమని కాదే. చిన్నదానివి, తెలియక..."

"ఆ రోజు ఓటు వరసలో నీకు చేతితొడుగు అందించింది నేను."

బయట ఒక లారీ ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ కదిలిపోయింది.

"ఎల్మర్ బాబాయి కోటు నాకు తెలీదా? దాని వీపు మీద అతుకు వేసింది మా అమ్మే" అంది కొరీన్. "నిన్ను చూశాకే నాకు ధైర్యమొచ్చింది. పిన్నే వచ్చిందంటే మరీ అంత తప్పు కాదేమో అనుకున్నా. సభలో నేను ముందు లేస్తే నువ్వూ లేస్తావని చూశా పిన్నీ. లేచావు. లేచి నన్నే తిట్టావు."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు చెప్పాల్సిన మాట నేనెందుకు చెప్పాలి?"

సిగరెట్ల కోసం ఎవరో వచ్చారు. కొరీన్ అటు తిరిగింది. లోర్నా జాడీ సంగతి మరిచిపోయి ఇంటికి నడిచింది. దారిలో ఇద్దరు పలకరించినా తలెత్తలేదు.

నాలుగు రోజుల తర్వాత పొడుగింట్లో అందరూ కూడారు. ఆగ్నెస్ కర్ర ఊతంతో లేచి, గుడ్డ మడత విప్పి, పూసల పేట చాచింది. లోర్నా లేచి నిలబడింది. చెయ్యి మాత్రం చాచలేదు.

"అక్కా, జూదశాలకి ఓటు పెట్టిన ఏడాది నేనూ వేశాను. ఎల్మర్ కోటు తొడుక్కుని వెళ్లాను. కొరీన్ నన్ను చూసింది. చూసి కూడా నా తిట్లు తింది."

ఆగ్నెస్ కూర్చుని, పేటని మళ్లీ గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఆమె వేళ్లు గుడ్డకి ముడి వెయ్యలేక చాలాసేపు తడబడ్డాయి. సాయం చేద్దామని లోర్నాకి అలవాటుగా చెయ్యి కదిలింది, వెంటనే వెనక్కి తీసుకుంది.

లోర్నా నిలబడే ఉంది. పెద్దవాళ్లు నేల చూపులు చూశారు. పొట్టకూటికి అమ్ముకున్నావని గానీ, ఏ మొహంతో వచ్చావని గానీ ఎవరైనా అంటారని ఎదురు చూసింది. అంటే బాగుండుననుకుంది. ఎవరూ అనలేదు. ఆ పొడుగింట్లో అలా లేచి అనగలిగిన మనిషి లోర్నా ఒక్కతే.