రెండు కార్బ్యురేటర్ల ఈల

మొన్న ఎలక్ట్రానిక్ సిటీలో ఎవరో పాత కారు బానెట్ ఎత్తి ఉంచారు. పచ్చి పెట్రోలు వాసన తగలగానే నా చేయి దానంతటదే చెవి దగ్గరకు పోయింది.

నాన్న పాత కారుకు, పెట్రోలులో గాలి కలిపి ఇంజన్‌కి అందించే కార్బ్యురేటర్లు రెండు. రెండూ సమానంగా గాలి పీలిస్తేనే ఇంజన్ నిలకడగా తిరుగుతుంది. నాన్న స్క్రూ తిప్పేవాడు. తొమ్మిదేళ్ల నేను రబ్బరు గొట్టం ఒక కొస చెవికి, రెండో కొస ఒక్కో కార్బ్యురేటర్ నోటికి పెట్టి, రెండింటి ఈలలూ పోల్చి చెప్పేవాణ్ణి.

"రెండూ ఒకటైనాయంటే ఆనేకల్ అవ్వోళ్లింటికి కార్లోనే పోదామప్పా" అనేవాడు నాన్న.

ఒక ఆదివారం ఒకటయ్యాయి. సాయంత్రం ఎవరో పెద్దాయన వచ్చాడు. కారు చూడ్డానికి వచ్చిన స్నేహితుడనుకున్నాను.

"మావాని చెవి చూడండి సార్. తప్పు చెప్పడు" అన్నాడు నాన్న.

నేను గర్వంగా రెండుసార్లు విని, "ఒకటే ఉండాయి" అన్నాను. ఆయన నా తల నిమిరి, తాళాలు తీసుకుని కారు తోలుకుపోయాడు.

"మరి ఆనేకల్‌కి?"

"బస్సుండాది కదప్పా" అన్నాడు నాన్న, గొట్టం చుడుతూ, నా వైపు చూడకుండా.

అమ్మడానికి కారణాలు తరువాత తెలిశాయి. అన్నీ సరైనవే. అమ్ముతున్నానని ముందే చెప్పి ఉంటే, ఈలలు ఇంకా ఒకటి కాలేదని అబద్ధమాడేవాణ్ణి. అది నాన్నకూ తెలుసు.