ఛత్రీ సార్ దాచుకున్న పుండు

నర్సింహ ఇక లేడన్న కబురు మంగళవారం పొద్దున తార్నాకలో, మేమిద్దరం రోజూ చాయ్ తాగే హోటల్ ముందు ఉండగా ఫోన్‌లో విన్నాను. "మన సార్ ఎప్పుడొస్తడన్నా దవాఖానకెల్లి?" అని హోటలతను అడుగుతూనే ఉన్నాడు.

నర్సింహ విశ్వవిద్యాలయం మైదానంలో పరుగు నేర్పే కోచ్. పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నేనుండేవాణ్ని. లెక్కలు నాకు నేనుగా నేర్చుకున్నవే. ఎవరి వేగం ఎందుకు తగ్గిందో లెక్క కట్టి చూపిస్తే ఆయన నవ్వేవాడు. "లెక్క మంచిగనే ఉన్నది గని అన్నా, ఆ పిల్ల పొద్దున తిని వచ్చిందా లేదా? అది అండ్ల వేసినవా?" కాసేపటికి మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే ఆ అమ్మాయి చేతిలో అరటిపండు కనబడేది.

ఆయన మూత్రపిండాలు చెడిపోయినప్పుడు మల్కాజ్‌గిరిలో ఉండే అక్క యాదమ్మ తన కిడ్నీ ఇచ్చింది. దాన్ని శరీరం తిరస్కరించకుండా జీవితాంతం మందులు వాడాలి. ఆ మందులు రోగాలతో పోరాడే ఒంటి కాపలాను తగ్గిస్తాయని, ఏళ్లు గడిచేకొద్దీ చర్మానికి క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని, ఎండ తగలనివ్వొద్దని, మానని పుండు ఎక్కడ కనిపించినా చూపించమని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి నల్ల గొడుగు, నిండు చేతుల చొక్కా లేకుండా ఆయన మైదానంలో అడుగుపెట్టలేదు. పిల్లలు 'ఛత్రీ సార్' అని పేరు పెట్టారు.

"సార్, వాన లేదు గద!"

"నాకు కాదే. లోపల మా అక్క ఉన్నది, ఆమెకు ఎండ పడదు. నువ్వు ఇంకో రౌండ్ కొట్టు!"

ప్రతి రాఖీ పండుగకూ యాదమ్మ రాఖీ కట్టి, నోట్లో మిఠాయి పెట్టి, "నాది ఎట్లున్నదిరా?" అని అడిగేది. ఆయన పొట్ట మీద చెయ్యేసుకుని, "మంచిగున్నదక్కా. నాకంటె దానికే ఎక్కువ మర్యాద జేస్తున్న" అనేవాడు.

మేమంతా ఎండనే శత్రువనుకున్నాం. పుండు మాత్రం ఎండ ఎరగని చోట లేచింది. ట్రాక్‌ప్యాంటు కింద, పిక్క మీద, చిన్నప్పుడు కాలిన మచ్చలో. మనలాంటి నల్లని ఒంటి మీద ఈ క్యాన్సర్ ఇలా మరుగున కూడా వస్తుందని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. కానీ ఆయన దాచింది తెలియక కాదు. ఒకనాడు కాలికి కట్టు చూసి నిలదీశాను.

"చెప్తే మందులు తగ్గిస్తరన్నా. తగ్గిస్తే అక్కది పోతది. పొట్ట కోయించుకొని ఇచ్చిందాన్ని నా చేతుల ఎట్ల పోగొట్టాలె?"

ఆ సాయంత్రమే పట్టుబట్టి తీసుకెళ్లాను. అప్పటికే గజ్జల్లోకి పాకింది. ఆపరేషన్ చేశారు, మందులు తగ్గించారు. కిడ్నీ చివరిదాకా పనిచేసింది. మనిషే నిలవలేదు.

మైదానానికి మరో కోచ్ వస్తాడు. తిన్నావా అని అడిగిన తర్వాతే పరుగెత్తమనే మనిషి మళ్లీ రాడు. మానని పుండు ఎంత చిన్నదైనా దాచకండి. ఆయనకు నేను అర్పించగల అంజలి ఈ ఒక్క మాటే.

చివరి చూపు వేళ ఎండ మండుతోంది. మాణికేశ్వర్ నగర్ అమ్మాయి ఆ నల్ల గొడుగు విప్పి ఆయన ముఖం మీదికి నీడ పట్టింది. యాదమ్మ వచ్చి తమ్ముడి పొట్ట మీద చెయ్యి వేసింది. ఈసారి ఎట్లున్నదని అడగలేదు.

"నేనిచ్చింది నువ్వు బతకాలని గదరా తమ్మీ," అంది. "అది బతకాలని కాదు."